బెంగళూరులో ప్రభుత్వ కాంట్రాక్టు పనికి పోలీస్ వెరిఫికేషన్: కాగితాల దగ్గర్నుంచి గేట్ పాస్ దాకా

పీణ్యలో లేత్ మెషీన్ మీద విమాన భాగాలు చేసేవాళ్లు, సీవీ రామన్ నగర్‌లోని రక్షణ ల్యాబుల్లో ఏజెన్సీ తరఫున కోడ్ రాసేవాళ్లు, దేవనహళ్లి విమానాశ్రయంలో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, ప్రభుత్వ సంస్థల క్యాంటీన్లలో వంట చేసేవాళ్లు. బెంగళూరులో ఇలాంటి పనుల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. జీతం ఇచ్చేది కాంట్రాక్టరు, పనిచేసేది ప్రభుత్వ ఆవరణలో. ఆ గేటు దాటాలంటే మీ పూర్వాపరాల విచారణ జరగాల్సిందే.

ఈ ఫైళ్లు సర్దే పనిలో ఉండి నేను చూసింది ఒక్కటే. పాస్ ఆగిపోయినవాళ్లలో నేరస్థులు దాదాపు ఉండరు. ఒక కాగితంలో ఒక పేరు, ఇంకో కాగితంలో ఇంకో పేరు ఉన్నవాళ్లు, పాత జిల్లా పేరు రాసినవాళ్లు, ఊళ్లో ఎప్పుడో పడ్డ చిన్న కేసు ఎవరికీ తెలియదులే అని దాచినవాళ్లే ఎక్కువ. వీటిలో మొదటి రెండూ ఫారం చేతికి రాకముందే సరిచేసుకోవచ్చు. మూడోది పూర్తిగా మీ చేతిలో ఉంది.

ముందు, వెళ్లే చోటు ఎలాంటిదో కనుక్కోండి

అన్నిచోట్లా ఒకే రకం తనిఖీ ఉండదు. విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్, రక్షణ ఎలక్ట్రానిక్స్ చేసే బీఈఎల్, ఇస్రో కేంద్రాలు, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ల్యాబులు ఎవరి పద్ధతి వాళ్లు పాటిస్తారు. గేటు దగ్గర కొన్నిచోట్ల కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్ ఉంటుంది, కొన్నిచోట్ల సైన్యానికి చెందిన డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ ఉంటుంది. విమానాశ్రయంలో అయితే పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ నిబంధనలు నడుస్తాయి. అక్కడ ఎంట్రీ పర్మిట్ రావాలంటే నేపథ్య విచారణతో పాటు భద్రతా శిక్షణ కూడా ఉండాలి. సెక్యూరిటీ గార్డుగా వెళ్లేవాళ్లకు 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం వర్తిస్తుంది. భారత పౌరులై ఉండాలి, వయసు 18 నిండి 65 దాటకుండా ఉండాలి, నడవడిక విచారణ జరగాలి, శిక్షణ పూర్తవ్వాలి.

ప్రైవేటు కంపెనీ కదా, మాకెందుకీ విచారణ అని పీణ్యలో పనిచేసేవాళ్లు అడుగుతుంటారు. రక్షణ ఉత్పత్తి లైసెన్సు ఉన్న ప్రైవేటు సంస్థల కోసం 2014లో కేంద్రం ఒక భద్రతా మాన్యువల్ తెచ్చింది. తయారుచేసే వస్తువు ఎంత సున్నితమైనదో బట్టి ఆ సంస్థలను ఏ, బీ, సీ తరగతులుగా విడదీసింది. మీ కంపెనీ ఆ జాబితాలో ఉంటే మీ పోలీస్ వెరిఫికేషన్ అడిగే బాధ్యత యజమానికి ఉంటుంది.

కాబట్టి ఏజెన్సీవాళ్లను మొదటి రోజే మూడు విషయాలు అడగండి. నింపాల్సిన ఫారం ఏది? వెరిఫికేషన్ బెంగళూరు చిరునామాకేనా, సొంతూరికి కూడానా? దాన్ని నేను దరఖాస్తు చేసి తేవాలా, సంస్థే నేరుగా పోలీసులకు పంపుతుందా? ఈ మూడింటికీ జవాబు తెలియకుండా పాత ఉద్యోగానికి రాజీనామా చేయకండి. ఆఫర్ లెటర్ వచ్చినా పాస్ వచ్చేదాకా మిమ్మల్ని లోపలికి పంపరు. ఆ మధ్య రోజులకు జీతం ఎవరిస్తారన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

పేరు: తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇక్కడే

ఇది నిదానంగా చదవండి, ఎందుకంటే ఎక్కువ ఫైళ్లు ఆగేది ఇక్కడే.

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. టెన్త్ మెమోలో కొత్తపల్లి వెంకట సాయికృష్ణ అని ఉందనుకుందాం. ఆధార్‌లో కె.వి. సాయి కృష్ణ అని ఉంటుంది. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు కాబట్టి సాయి కృష్ణ కొత్తపల్లి అయి ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్‌లో సాయికృష్ణ కె.వి. ఊళ్లో ఎవరికీ ఇందులో తేడా కనిపించదు. కానీ బెంగళూరులో ఫైలు చూసే గుమస్తాకు ఇంటిపేరు ముందుండే అలవాటు లేదు. ఆయన కొత్తపల్లి అన్నదే మీ పేరు అనుకుంటారు, లేదా అది మీ ఊరు అనుకుంటారు. సిస్టమ్‌లో పేరు కొట్టి వెతికేటప్పుడు ఒక పేరుకు వెతికి, ఇంకో పేరుకు సర్టిఫికెట్ ఇస్తారు. గేటు దగ్గర పాస్ సెక్షన్‌వాళ్లు ఆధార్ పక్కన పెట్టి చూసి, ఇది మీది కాదని వెనక్కి పంపుతారు.

టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకోండి. పుట్టినతేదీకి, పేరుకు అన్నిచోట్లా చివరికి అడిగేది దాన్నే. మిగతా కాగితాలన్నీ దానికి దగ్గరగా తీసుకురండి. ముందు ఆధార్, తర్వాత పాన్, తర్వాత పీఎఫ్ ఖాతా. ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీని ఒక్కసారే. కాబట్టి నెట్ సెంటర్‌లో తొందరపడి మార్పించుకోవద్దు. స్పెల్లింగ్‌ను ఒక కాగితం మీద రాసుకుని, మెమో పక్కన పెట్టి, అక్షరం అక్షరం చూసుకుని అప్పుడు సరే అనండి. సాయికృష్ణ ఒకే పదమా, రెండు పదాలా అన్నది కూడా చూసుకోవాలి.

చేరే తేదీ దగ్గరపడి, మార్చుకునే వ్యవధి లేకపోతే? ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి ఫైలులో పెట్టండి. పొడి అక్షరాల తేడాకు సాధారణంగా అది సరిపోతుంది. పేరే మొత్తం మారిపోతే మాత్రం గెజిట్ ప్రకటన కావాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జతచేసి, చదువు కాగితాల మీద ఉన్న పాత పేరును కూడా ఫారంలో తప్పక రాయాలి. చాలా ఫారాల్లో "ఇతర పేర్లు ఏవైనా ఉన్నాయా" అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ గడి ఉన్నదే ఇందుకు.

తండ్రి పేరు విషయంలోనూ అంతే. ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరాలతో ఉంటే అదే అఫిడవిట్‌లో ఆ సంగతి కూడా రాయించండి.

చిరునామా, జిల్లా, పోలీస్ స్టేషన్

తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ఇంకో రెండు కలిసి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మీ టెన్త్ మెమో, పాత రేషన్ కార్డు, కొన్నిసార్లు ఆధార్ కూడా పాత జిల్లా పేరుతోనే ఉంటాయి. హిందూపురం అబ్బాయి అలవాటుగా అనంతపురం జిల్లా అని రాస్తాడు. ఫైలు అనంతపురం ఎస్పీ కార్యాలయానికి వెళ్తుంది. అక్కడివాళ్లు మా పరిధి కాదని వెనక్కి పంపుతారు, లేదా పుట్టపర్తిలోని శ్రీసత్యసాయి జిల్లా ఎస్పీ కార్యాలయానికి పంపుతారు. ఈలోపు ఏజెన్సీ ఫోన్లు, ఇంట్లో టెన్షన్. నరసరావుపేటవాళ్లకు గుంటూరు, పల్నాడు విషయంలో, సిద్దిపేటవాళ్లకు మెదక్ విషయంలో ఇదే జరుగుతుంది.

శాశ్వత చిరునామా దగ్గర ఇప్పటి జిల్లా, ఇప్పటి మండలం, మీ ఊరు ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోకి వస్తుందో రాయండి. పాత జిల్లా పేరును "పూర్వపు" అన్న మాటతో పక్కన చేర్చండి. స్టేషన్ ఏదో ఖాయంగా తెలియకపోతే ఊహించి రాయొద్దు. ఊళ్లో ఎవరినైనా అడిగితే ఒక్క ఫోన్‌తో తెలిసిపోతుంది.

బెంగళూరు చిరునామా సంగతి వేరే. మారతహళ్లి, మహదేవపుర, బెల్లందూరు పీజీల్లో ఉండేవాళ్ల దగ్గర ఏ కాగితమూ ఉండదు. నెల అద్దె కట్టిన యూపీఐ మెసేజ్ తప్ప ఇంకేమీ చూపించలేరు. పీజీ ఓనర్ దగ్గర లెటర్‌హెడ్ మీద, సంతకం, ఫోన్ నంబరు, మీరు చేరిన తేదీతో ఒక ఉత్తరం తీసుకోండి. ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లు స్టాంపు పేపరు మీద రెంటల్ అగ్రిమెంట్ పెట్టుకోండి. మామూలుగా అది 11 నెలలకు రాస్తారు. గడువు తీరిన అగ్రిమెంట్‌తో దరఖాస్తు చేస్తే తిరిగి వస్తుంది. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో అగ్రిమెంట్ ఒకరి పేరు మీదే ఉంటే, మిగతా ముగ్గురి పేర్లు కూడా అందులో చేర్పించమని ఓనర్‌ను అడగండి.

ఇంకో మాట. వెరిఫికేషన్ మొదలయ్యాక అది పూర్తయ్యేదాకా ఇల్లు మారకండి, ఆధార్‌లో చిరునామా మార్చకండి. తప్పనిసరిగా మారాల్సి వస్తే ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పండి.

ఫారం నింపడం

కేంద్ర ప్రభుత్వ నియామకాల్లో వాడే అటెస్టేషన్ ఫారం, లేదా దాని నమూనాలో చేసిన ఫారమే చాలాచోట్ల ఇస్తారు. గత 5 ఏళ్లలో ఏడాదికి మించి ఉన్న చోట్లన్నీ, చదివిన బడులు, కాలేజీలు, చేసిన ఉద్యోగాలు, తల్లిదండ్రుల వివరాలు, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు బాధ్యత గల వ్యక్తుల పేర్లు, చివరగా కేసుల గురించి వరుస ప్రశ్నలు ఉంటాయి.

ఉన్న చోట్ల గడిలో నెల తప్పకుండా రాయాలి. "2021 జూన్ నుంచి 2023 మే వరకు, తిరుపతిలో కాలేజీ హాస్టల్. 2023 జూన్ నుంచి 2024 ఫిబ్రవరి వరకు, సొంతూళ్లో తల్లిదండ్రుల ఇంట్లో, ఉద్యోగ ప్రయత్నం. 2024 మార్చి నుంచి, మారతహళ్లి పీజీ." మధ్యలో ఆ తొమ్మిది నెలలు ఉద్యోగం లేదని సిగ్గుపడి, హాస్టల్ తేదీనో పీజీ తేదీనో సాగదీసేవాళ్లుంటారు. అలా చేయొద్దు. ఇంట్లో ఖాళీగా ఉండటం తప్పు కాదు, తేదీ అబద్ధమవడం తప్పు. పీజీ ఓనర్‌ను అడిగితే మార్చి అంటాడు, మీ ఫారంలో నవంబరు అని ఉంటుంది. విచారణ చేసే మనిషికి మిగతా ఫారం మీద కూడా అక్కడే అనుమానం మొదలవుతుంది.

ఇద్దరు వ్యక్తుల పేర్లు ఇచ్చేటప్పుడు బంధువులను రాయకండి. మీ హైస్కూలు మాస్టారు, ఊళ్లో డాక్టరు, బ్యాంకు ఉద్యోగి లాంటివాళ్లు నయం. వాళ్లకు ముందే ఫోన్ చేసి, ఫలానా పని కోసం మీ పేరు ఇస్తున్నాను మాస్టారూ, ఎవరైనా అడిగితే తెలుసని చెప్పండి అని అడగండి. తెలియని నంబరు నుంచి కాల్ వచ్చి, ఫలానా అబ్బాయి తెలుసా అంటే, ఎవరో మోసగాడనుకుని తెలియదని పెట్టేసేవాళ్లు ఈ రోజుల్లో చాలామంది.

నింపిన ఫారానికి ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత పాస్ రెన్యువల్‌కు మళ్లీ ఇదే నింపాల్సి రావచ్చు. అప్పుడు రాసింది ఇప్పటిదానితో సరిపోవాలి.

కేసు ఉంటే

ఊరి గొడవలో పదిమంది పేర్లతో పాటు మీ పేరూ ఎఫ్‌ఐఆర్‌లో చేరి ఉండొచ్చు. కాలేజీ రోజుల్లో ధర్నాలో పట్టుకెళ్లి సాయంత్రం వదిలేసి ఉండొచ్చు. మద్యం తాగి బండి నడిపినందుకు కోర్టులో జరిమానా కట్టి ఉండొచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది కదా, అయిపోయిన కేసు కేసెలా అవుతుంది అని అనిపించవచ్చు. కానీ ఫారంలో ప్రశ్నను సరిగ్గా చదవండి. "ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ జరిగిందా, బైండోవర్ చేశారా, కోర్టు జరిమానా వేసిందా" అని అడుగుతుంది. బైండోవర్ అంటే గొడవలకు పోనని పూచీకత్తు రాయించుకోవడం. కేసు ముగిసిందా అని కాదు, ఎప్పుడైనా జరిగిందా అని. అడిగింది ఇది కాబట్టి జవాబు అవును అనే రాయాలి. కోర్టు దాకా వెళ్లని మామూలు ట్రాఫిక్ చలానా ఇందులోకి రాదు.

అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ విషయం మీద వివరంగా చెప్పింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. ఫారంలో స్పష్టంగా అడిగినదాన్ని దాస్తేనే దాచినట్టు, అడగనిది చెప్పలేదని తప్పు పట్టకూడదు. చిన్న వయసులో చేసిన స్వల్పమైన తప్పు అయితే, దాచినా కూడా యజమాని తన విచక్షణతో క్షమించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చితీరాలని లేదు, పూర్వాపరాలు చూసే హక్కు యజమానికి ఉంటుంది. అది ప్రభుత్వ ఉద్యోగాల గురించిన తీర్పు. కాంట్రాక్టు మనిషికి అంత రక్షణ కూడా దొరకడం కష్టం. పాస్ ఇవ్వడం లేదని ఒక్క మాటలో తేల్చేస్తారు. అందుకే చెప్తున్నాను, బయటపెట్టిన చిన్న కేసు కంటే దాచిన చిన్న కేసే మీకు ఎక్కువ హాని చేస్తుంది. పోలీసుల రికార్డులు ఇప్పుడు దేశమంతా కంప్యూటర్లలో ఉన్నాయి, ఊళ్లో ఎఫ్‌ఐఆర్ బెంగళూరులో కనిపించదని అనుకోకండి.

అవును అని రాసి ఊరుకోవద్దు. ఎఫ్‌ఐఆర్ కాపీ, కొట్టేసినట్టో రాజీ అయినట్టో తెలిపే కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ జతచేయండి. కేసు ఏ దశలో ఉందో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. ఇంకా నడుస్తున్న కేసైతే ఫారం ఇవ్వకముందే ఒక వకీలును కలవండి.

దరఖాస్తు, పోలీసులు, ఊళ్లో విచారణ

బెంగళూరు చిరునామాకు పోలీస్ వెరిఫికేషన్ సర్టిఫికెట్ మీరే తేవాల్సి వస్తే కర్ణాటక ప్రభుత్వపు సేవాసింధు పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. సొంతూరి చిరునామాకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసు శాఖల సేవలు, మీసేవా కేంద్రాలు ఉన్నాయి. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ విదేశాలకు వెళ్లేవాళ్లది, దానికి డబ్బు కట్టి ఇక్కడ చూపించకండి.

స్టేషన్ నుంచి ఫోన్ వస్తే కన్నడలో మాట్లాడతారు. మీకు రాకపోతే భయపడక్కర్లేదు, వచ్చినంతలో మర్యాదగా మాట్లాడండి. అసలు కాగితాలు, జిరాక్సులు, ఫొటోలు, ఏజెన్సీ ఇచ్చిన ఉత్తరం ఒకే కవరులో పెట్టుకుని వెళ్లండి. ఆ ఉత్తరంలో ఏ సంస్థలో, ఏ పనికి, ఎవరి తరఫున అన్నది ఉండాలి.

ఊళ్లో జరిగే విచారణ గురించి మాత్రం ఇంట్లో ముందే చెప్పండి. కానిస్టేబుల్ ఇంటికొచ్చి మీ అబ్బాయి ఎక్కడున్నాడు అని అడిగేసరికి అమ్మకు కాళ్లాడవు. ఏం జరిగిందో అని, నాన్న ఎందుకైనా మంచిదని మావాడు ఇక్కడ లేడు, రెండేళ్ల నుంచి రావడమే లేదు అనేస్తారు. ఆ మాటే రిపోర్టులో ఎక్కుతుంది. "అమ్మా, పోలీసాయన వస్తారు, ఉద్యోగం కోసమే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అని ఫోన్‌లో చెప్పేస్తే ఆ గండం ఉండదు. పక్కింటివాళ్లకు కూడా ఒక మాట చెప్పమనండి, వాళ్లనూ అడుగుతారు.

డబ్బు అడిగితే ఇవ్వకండి. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం చేసి తీసుకుంటే 7 రోజుల్లో ఫిర్యాదు చేసినవాళ్లకు ఆ సెక్షన్ వర్తించదు. కర్ణాటకలో లోకాయుక్తకు, మన రాష్ట్రాల్లో ఏసీబీకి చెప్పొచ్చు. పోర్టల్‌లో కట్టిన రుసుముకు రసీదు ఉంటుంది, రసీదు లేని రుసుము అంటూ ఏదీ లేదు.

చదువు, పాత ఉద్యోగాలు

ఇది త్వరగా చెప్పేస్తాను. డిగ్రీ ఒరిజినల్ ఇంకా తీసుకోనివాళ్లు ఇప్పుడే తీసుకోండి. పాత ఉద్యోగాల తేదీలను పీఎఫ్ సర్వీస్ హిస్టరీతో సరిపోల్చి చూస్తారు, కాబట్టి దరఖాస్తు చేసేముందు ఆ హిస్టరీ మీరే తెరిచి చూసుకోండి. కన్సల్టెన్సీవాళ్లు ఇచ్చే దొంగ అనుభవ పత్రం పెట్టినవాళ్లు అక్కడే దొరికిపోతారు. ఏజెన్సీ ఆధార్ వాట్సాప్‌లో పంపమంటే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. జిరాక్సు అయితే ఏ పనికి ఇస్తున్నారో దాని మీద అడ్డంగా రాసి తేదీ వేయండి.

మనుషులను పంపే చిన్న కాంట్రాక్టర్లకు

పీణ్యలోనో బొమ్మసంద్రలోనో చిన్న యూనిట్ నడుపుతూ ప్రభుత్వ టెండర్లు వేసే మనవాళ్లూ ఉన్నారు. పంపిన ప్రతి మనిషికీ వెరిఫికేషన్ ఎప్పుడు జరిగింది, పాస్ ఎప్పటిదాకా ఉంది అని ఒక రిజిస్టరు పెట్టండి. ఒకరు సెలవు పెడితే వాళ్ల పాస్ మీద ఇంకొకరిని పంపడం చాలామంది చిన్న విషయంగా తీసుకుంటారు. అది కాంట్రాక్టునే రద్దు చేయించగల తప్పు. మీ సంస్థను కూడా చూస్తారు. 2020 జులై 23న వచ్చిన ఉత్తర్వు ప్రకారం, భారత్‌తో భూసరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు ముందుగా రిజిస్టరు కావాలి. మీ సబ్ కాంట్రాక్టర్లలోనో, వాటాదారుల్లోనో అలాంటి సంబంధం ఉంటే టెండరుకు ముందే తేల్చుకోండి. నిజాయితీ నియమావళి తప్పినవాళ్లను 2 ఏళ్ల దాకా, అవినీతి కేసులో శిక్షపడ్డవాళ్లను 3 ఏళ్ల దాకా టెండర్ల నుంచి దూరం పెట్టవచ్చని కేంద్ర ఆర్థిక నిబంధనలు చెబుతున్నాయి.

పాస్ వచ్చాక

లోపలికి వెళ్లే ముందు అధికార రహస్యాల చట్టం గురించి ఒక కాగితం మీద సంతకం తీసుకోవచ్చు. చదివి సంతకం చేయండి. 1923 నాటి ఆ చట్టం ఉద్యోగులకే అనుకోకండి. ప్రభుత్వ కాంట్రాక్టు తీసుకున్నవారికి, వారి దగ్గర పనిచేసేవారికి, గతంలో చేసినవారికి కూడా అది వర్తిస్తుందని 5వ సెక్షన్‌లోనే ఉంది. దానికి శిక్ష 3 ఏళ్ల దాకా. రక్షణ స్థావరాలకు సంబంధించిన గూఢచర్యమైతే 3వ సెక్షన్ కింద 14 ఏళ్ల దాకా.

ఫోను, పెన్‌డ్రైవ్, స్మార్ట్ వాచ్ గేటు దగ్గరే ఇవ్వమంటే ఇచ్చేయండి. లింక్డ్‌ఇన్‌లో ఏజెన్సీ పేరు, మీ నైపుణ్యం రాస్తే చాలు. ఏ ల్యాబు, ఏ రాడారు, ఏ వెర్షను అన్నది రాయకండి. ఆ వివరాలు చూసే ఎక్కువ జీతం ఇస్తామంటూ తెలియని కంపెనీవాళ్లు, స్నేహం చేస్తామంటూ తెలియని అమ్మాయిల ప్రొఫైళ్లు వస్తాయి. పని గురించి అడగడం మొదలుపెట్టగానే మాట్లాడటం ఆపేసి, ఆ సంగతి భద్రతాధికారికి చెప్పండి. ముందుగా చెప్పినవాడిని ఎవరూ అనుమానించరు.

పని మానేసిన రోజు పాస్‌ను పాస్ సెక్షన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. ఏజెన్సీకి ఇచ్చాను, వాళ్లు ఇచ్చి ఉంటారు అని వదిలేయకండి, అప్పగించని పాస్ మీ పేరు మీదే ఉంటుంది. ఆ రసీదు, రిలీవింగ్ లెటర్, పోలీస్ వెరిఫికేషన్ కాపీ, నింపిన ఫారం ఫొటోలు ఒకే ఫైలులో పెట్టుకోండి. తర్వాతి సంస్థవాళ్లు మొదట అడిగేవి అవే.